మూడో నీళ్ళు

మా అక్క ఆకుకూరని మూడు నీళ్ళు కడుగుతుంది. అమ్మ పోయాక బెంగళూరు కె.ఆర్.పురంలో నన్ను పెంచింది ఆమే కాబట్టి, గిన్నె ముందు కూచోబెట్టి తిట్టిందీ నన్నే. “రెండు నీళ్ళకే ఆపేస్తివా అప్పా? మూడోది మీ అత్త వచ్చి పోస్తాదా?” అనేది. అన్ని తిట్లు తిన్నవాణ్ని, నలభై దాటాక మళ్ళీ అదే తప్పు చేశాను. అదీ ఆమె ప్రాణంతో ముడిపడిన చోట.

అక్కకి ఊపిరితిత్తుల క్యాన్సర్. కణాలకి పెరగమని చెప్పే కైనేజ్ అనే ప్రొటీన్ ఒకటి ఆమె ఒంట్లో ఆగడం మరిచిపోయింది. దాన్ని ఆపే మాత్ర ఉంది. కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. తర్వాత ఆ ప్రొటీన్ రూపం కాస్త మారి, మాత్ర దానికి అతుక్కోవడం మానేసింది. ఆసుపత్రివాళ్ళు నరానికెక్కించే మందుకి మార్చారు. అక్క జుట్టు ఊడిపోయింది.

నేను బొమ్మసంద్రలో ఒక ల్యాబ్‌లో కెమిస్టుని. సరిగ్గా ఆ రూపం మారిన కైనేజ్ మీదే ఒక మందుల కంపెనీ నుంచి మాకొక ప్రాజెక్టు వస్తే, బతిమాలి అందులో చేరాను. ఏ అణువు తయారుచెయ్యాలో చెప్పేది ఏఐ. సోమవారం జాబితా ఇస్తుంది. శుక్రవారానికి మేం తయారుచేసి ఇవ్వాలి. కైనేజ్ ఎంత ఆగిందో పక్క గదిలో పరీక్షిస్తారు. ఆ ఫలితాలు మళ్ళీ ఏఐకి వెళ్తాయి, అది వాటినుంచి నేర్చుకుని ఇంకా మంచి జాబితా ఇస్తుంది. అలా అని పై అంతస్తులో అద్దాల గదివాళ్ళు చెప్పారు. చేతికి గ్లవుజు తొడిగిన పాపాన పోనివాళ్ళు.

ప్రతి ఆదివారం అక్క అడిగేది, “ఆ కంప్యూటరు మందు యాడిదాకా వచ్చినాదప్పా?” అని.

“వస్తా ఉండాదక్కా,” అనేవాణ్ని. అణువు దొరికినా అది మాత్ర కావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుందని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

అణువులోని రెండు ముక్కల్ని కలపడానికి మేం పల్లాడియం అనే లోహం వాడతాం. పని అయ్యాక దాన్ని తీసెయ్యాలి. ఒక రకం పొడి గుండా ద్రావణాన్ని మూడుసార్లు వడకట్టాలి. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి కంపెనీ బస్సు. అది తప్పితే ఇల్లు చేరేసరికి పదవుతుంది. అందుకని శుక్రవారాలు ఒక్కసారి వడకట్టి సీసాలో పోసేవాళ్ళం. మా మామూలు ప్యూరిటీ పరీక్షలో లోహం కనబడదు, పట్టుకునేవాళ్ళు లేరు. దానికి మా బెంచీ మీద ‘శుక్రవారం వాష్’ అని పేరు కూడా ఉండేది. తిలాపాపం తలా పిడికెడు అనొచ్చు. కానీ మొదలుపెట్టింది నేను. నన్ను చూసి మిగతావాళ్ళు నేర్చుకున్నారు.

రెండేళ్ళలో ఒక అణువు అన్నిటికన్నా పైకొచ్చింది. పై అంతస్తులో కేకు కోశారు. ఎలుకల మీద పరీక్షకి ఎక్కువ మోతాదులో తయారుచెయ్యమన్నారు. ఈసారి తొందర లేదు, మూడుసార్లూ వడకట్టాను. పాలలాంటి తెల్లటి పొడి వచ్చింది. అంతకుముందు వచ్చిందెప్పుడూ కాస్త బూడిద రంగులో ఉండేది. తెల్లపొడిని పరీక్షకిచ్చాను. కైనేజ్ చెక్కుచెదరలేదు.

మేనేజరుకి చెప్పాను. హైదరాబాదు మనిషి, మంచివాడే. “బ్రదర్, స్లైడ్స్ ఆల్రెడీ క్లయింట్‌కి వెళ్ళిపోయినయ్. ఇప్పుడు ఈ పంచాయితీ పెట్టకు. పాత సీసాలోంచి మళ్ళీ పంపు. రిజల్ట్ వస్తే కొత్త బ్యాచ్‌ది ప్రాబ్లం అని రాసేద్దాం,” అన్నాడు.

పంపాను. వచ్చింది రిజల్టు. అతన్ని తిట్టడం తేలిక, బస్సులో కూచుని రోజూ తిట్టుకున్నాను కూడా. కానీ పంపిన చెయ్యి నాది. నెల రోజులు నోరు మూసుకున్నాను. ఆ బూడిదరంగు పొడే నిజమైతే బాగుండునని సిగ్గులేకుండా కోరుకున్నాను.

చివరికి తట్టుకోలేక పాత సీసాలో మిగిలినదాన్నే తీసి, మూడుసార్లు వడకట్టి పరీక్షకి పెట్టాను. ఏమీ లేదు. ఇన్నాళ్ళూ కైనేజ్‌ని ఆపింది మా అణువు కాదు, నేను కడగకుండా వదిలేసిన పల్లాడియం. ఆ కలిపే పద్ధతిలో చేసినవన్నీ గొప్పవని ఏఐ నేర్చుకుంది. అలాంటివే ఇంకా అడిగింది. మేం ఇంకా మురికి పంపాం. సంగతి బయటపడ్డాక పై అంతస్తువాళ్ళు యంత్రాన్ని తిట్టారు, అంతకుముందు నేను వాళ్ళని తిట్టాను. మన బంగారం మంచిదైతే కంసాలి ఏం చేస్తాడు? యంత్రం నమ్మకంగా, ఓపికగా నా తొందరని నేర్చుకుంది, అంతే.

అందరికీ మెయిలు పెట్టాను. పదిరోజుల్లో ప్రాజెక్టు మూసేశారు.

ఆ ఆదివారం అక్క వంటింట్లో నేల మీద కూచుని చిర్రాకు కట్ట ముందు పెట్టుకుని ఒలుస్తోంది. తలకి గుడ్డ కట్టుకుంది. పక్కన కూచుని అంతా చెప్పాను, శుక్రవారం వాష్‌తో సహా. అక్క వింటూనే కాడలు ఒలిచింది.

చివర్న అడిగింది. “నువ్వు మూడుసార్లూ కడిగింటే ఆ మందు పనిచేసిండునా?”

“లేదక్కా. అది పనికిరాదని అప్పుడే తెలిసిండేది.”

“అప్పుడే అంటే, రెండేండ్ల ముందరే?”

“ఊఁ.”

“అయితే ఆ రెండేండ్లూ ఇంకొకదాన్ని వెతుకుతా ఉండేవాళ్ళు కదప్పా.”

నాకు జవాబు తెలుసు. రెండేళ్ళలో ఎవరికీ మందు చేతికి రాదని, ఆమెకి అసలు రాదని చెప్పి తప్పించుకోవచ్చు. అది నిజం కూడా. అయినా అంతకాలం వస్తా ఉండాదని చెప్పిన నోటితో ఆ మాట ఎలా అనను? “ఊఁ,” అన్నాను.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆకు గిన్నెలో వేసి రెండుసార్లు నీళ్ళు పోసి వంచింది. మూడోసారికి చెంబు ఎత్తి మళ్ళీ కింద పెట్టింది. గిన్నె నావైపు జరిపి, “ఇంక నాకు చేతకాదు, మూడోది నువ్వే పొయ్యప్పా,” అంది.