జాలీ తెరకు ఫొటో

మాణిక్యాంబ పుట్టిల్లు నరసాపురం పక్కన ఒక చిన్న ఊరు. ఆ వైపు ఆడపిల్లలకు లేసు అల్లడం ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. తల్లి అరుగు మీద కూర్చుని అల్లుతుంటే పక్కన చేరిన పిల్ల చేతికి ఏదో ఒక మధ్యాహ్నం సూది వస్తుంది. ఆమెకూ అలాగే వచ్చింది. కొన వంగిన ఒక్క సూది, తెల్లటి నూలుదారం ఉండ ఉంటే చాలు, ఆమె చేతిలో పువ్వులూ చుక్కలూ తయారయ్యేవి. పెళ్ళయి ఢిల్లీ వచ్చినప్పుడు చీరల మడతల్లో ఆ సూదులు పెట్టుకుని వచ్చింది.

భర్త జనార్దనరావు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్. చాలాకాలం ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ఉండి, చివరికి వసంత్ కుంజ్‌లో రెండు గదుల ఫ్లాట్ కొనుక్కున్నారు. చలికాలం మధ్యాహ్నాలు అక్కడి పార్కులో ఆడవాళ్ళు ఎండకు వీపు పెట్టి కూర్చుని, వేరుశనక్కాయలు వలుచుకుంటూ స్వెటర్లు అల్లేవారు. మాణిక్యాంబ కూడా తన దారం ఉండతో వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చునేది. హిందీ అంతంత మాత్రమే. అయినా ఆ గుంపులో ఆమెకు చోటు దొరికింది.

"ఒక్క సలాయీతోనేనా?" అని, రెండు సూదులతో స్వెటర్లు అల్లే పై అంతస్తు సంతోష్ ఆంటీ హిందీలో ఆశ్చర్యపోతే, "హాఁ దీదీ, ఏక్ సే" అని నవ్వేది.

ఒక ఆదివారం ఊరినుంచి వచ్చిన చుట్టాలకు హుమాయూన్ సమాధి చూపించడానికి వెళ్ళారు. అందరూ గుమ్మటం కింద తిరుగుతుంటే మాణిక్యాంబ ఒక రాతి కిటికీ ముందు ఆగిపోయింది. ఆరుకోణాల చుక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలోంచి వెలుతురు దూరేలా చెక్కిన జాలీ అది.

"ఏవండీ, ఇది లేసేనండి. రాతితో అల్లారు, అంతే తేడా."

"పదవే, వాళ్ళు బయటికెళ్ళిపోయారు" అన్నాడు జనార్దనరావు.

ఇంటికి రాగానే ఆమె ఆ చుక్కను దారంతో అల్లి చూసింది. కుదరలేదు. రాయి తన బరువుతో తను నిలబడుతుంది, దారం వేలాడుతుంది. విప్పి మళ్ళీ అల్లింది. కుదిరేసరికి ఆ చలికాలం సగం అయిపోయింది. ఆ తరువాత గుమ్మానికి సరిపడా తెర మొదలుపెట్టింది. ఎండాకాలం చెమట చేతులతో తెల్లదారం ముట్టుకోకూడదని అమ్మ చెప్పిన మాట ఆమె తప్పలేదు. అందుకని తెర పూర్తి కావడానికి మూడు చలికాలాలు పట్టాయి.

కూతురు తేజశ్రీ అప్పుడు గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. శనివారాలు బస్సులు మారి ఇంటికి వచ్చేది. తెర పూర్తయిన ఏడాది, అంటే 2005లో, ఆ పిల్ల పేపర్లో ఒక ప్రకటన చూసింది. చేతిపనులు చేసేవాళ్ళకు ఒక సంస్థ అవార్డులు ఇస్తోంది. ముందు ఫొటోలు పంపాలి. అవి నచ్చితే వస్తువును పిలిపించుకుని చూస్తారు.

తేజశ్రీ తన కొత్త డిజిటల్ కెమెరాతో, తెరను మంచం మీద పరిచి, సాయంత్రం ట్యూబ్‌లైటు కింద గబగబా నాలుగు ఫొటోలు తీసి పంపింది. రెండు నెలలు చూశారు. జవాబు లేదు. చివరికి తేజశ్రీ ఆ ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల మాట్లాడినావిడ మర్యాదగానే చెప్పింది.

ఫోన్ పెట్టేసి, "అమ్మా, ఫొటోలో కుఛ్ దిఖా హీ నహీఁ అంట" అంది తేజశ్రీ. "ఏమీ కనబడలేదట. పూల దుప్పటి మీద ఒక తెల్ల గుడ్డ ఉందిట. అంతేట. నెక్స్ట్ ఇయర్ మళ్ళీ పంపమన్నారు."

మాణిక్యాంబ ఆ ఫొటోలు కంప్యూటర్లో వేయించుకుని చూసింది. నిజమే. ఫ్లాష్ వెలుగు పడ్డచోట చుక్కలన్నీ కలిసిపోయి సున్నం కొట్టిన గోడలా ఉంది. దుప్పటి మీద పూలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అవార్డు రానందుకు ఆమెకు అంత బాధ కలగలేదు. మూడు చలికాలాల పని ఉన్నా లేనట్టు కనబడినందుకు కలిగింది. ఆ రాత్రి అన్నాలు వడ్డిస్తూ భర్తతో అంది: "నా పని బాగాలేదంటే ఊరుకునేదాన్నండి. చూడనేలేదంటే ఎలా ఊరుకోను?"

జనార్దనరావు మాటలు తక్కువ మనిషి. ఆ వారంలోనే బసవపున్నయ్య గారిని ఇంటికి తీసుకొచ్చాడు.

బసవపున్నయ్య తెనాలి వైపు మనిషి. పురావస్తు శాఖలో ఫొటోగ్రాఫరుగా చేసి రిటైరయ్యాడు. గుళ్ళూ కోటలూ శాసనాలూ ఫొటోలు తీయడమే జీవితమంతా ఆయన చేసిన ఉద్యోగం. ఒకప్పుడు ఆయనా జనార్దనరావూ ఉద్యోగులు మాట్లాడుకున్న ఒకే చార్టర్డ్ బస్సులో ఆఫీసుకు వెళ్ళేవారు. భార్య పోయాక మునీర్కాలో ఒంటరిగా ఉంటున్నాడు. మాణిక్యాంబ తెరను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే, ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూశాడు.

"ఈ జాలీని నేను చాలాసార్లు తీశానమ్మా. దక్షిణం వైపుది కదూ?"

ఎక్కడి జాలీయో ఆమె చెప్పకుండానే గుర్తుపట్టిన మొదటి మనిషి ఆయనే.

"మీరు తీసిపెట్టండి మాస్టారూ" అంది.

ఆయన కుడిచెయ్యి చాపి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "నేను కెమెరా పట్టుకోవడం మానేసి రెండేళ్ళయింది. మీరే తీస్తారు. నేను పక్కన కూర్చుని చెబుతాను."

"నాకు ఫొటోలు తీయడం రాదండీ."

"లేసు చూడడం వచ్చుగా. సగం వచ్చినట్టే."

అలా మొదలైంది. డిసెంబరులో ఒక శనివారం పొద్దున్నే, మఫ్లరు చుట్టుకుని, పాత కెమెరా స్టాండు చంకన పెట్టుకుని ఆయన వచ్చాడు. బయట పొగమంచు. ఎదుటి బ్లాకు కూడా కనిపించడంలేదు. ఆయన బాల్కనీలోకి తొంగిచూసి, "ఇవాళ వెలుతురు చప్పగా ఉంది. టీ ఇవ్వండి" అని కూర్చున్నాడు. పదింటికి మంచు పల్చబడేదాకా కెమెరా ముట్టుకోనివ్వలేదు.

ముందు ఫ్లాష్ ఆపించాడు. తరువాత ఆమె నల్ల శాలువా తెస్తే వద్దన్నాడు. "మరీ నలుపైతే తెలుపు మండిపోతుంది. ముదురు నీలం ఏదైనా ఉందా?" ఆమె ట్రంకు పెట్టెలోంచి పాత నీలం దుప్పటి తీసి ఇస్త్రీ చేసింది. దాన్ని గోడకు బిగించి, దాని మీద తెర వేలాడదీశారు. కెమెరాను స్టాండు మీద, సరిగ్గా తెర నడుము ఎత్తులో నిలబెట్టించాడు. కిందనుంచి తీస్తే పైన సన్నబడి, గుమ్మం తెర కాస్తా లంగాలా కనిపిస్తుందన్నాడు.

"ఇప్పుడు వెలుతురు. అది ఎదురుగా పడకూడదమ్మా. రాతి మీద చెక్కడాన్ని మిట్టమధ్యాహ్నం చూస్తే ఉత్త బండ. పొద్దున ఏటవాలు ఎండలో చూస్తే ప్రతి గీతా లేచి నిలబడుతుంది. దారానికీ అంతే."

బాల్కనీ తలుపు ఒక రెక్క మూయించాడు. వెలుతురు పక్కనుంచి వచ్చింది. రెండోవైపు మరీ చీకటి పడకుండా తేజశ్రీ చేత ఒక తెల్ల థర్మకోల్ పలక పట్టించాడు. మాణిక్యాంబ మీట నొక్కింది. మొదటిది కదిలిపోయింది. రెండోదానిలో థర్మకోల్ పలక వచ్చింది. మూడోదానిలో తేజశ్రీ మోచెయ్యి వచ్చింది.

"అంకుల్, ఫిల్మ్ అయితే ఎంత వేస్ట్ అయ్యేదో" అని నవ్వింది తేజశ్రీ.

"అవును. ఈ డబ్బా కెమెరాకు ఆ ఒక్క సుగుణం ఉంది. తప్పు వెంటనే చూపిస్తుంది" అని ఆయన ఒప్పుకున్నాడు.

మాణిక్యాంబకు కాసేపటికి భయం పోయింది. కెమెరా వెనక నిలబడి, తలుపు ఇంకొంచెం తెరువు, ఇంకొంచెం మూయి అని తనే చెప్పసాగింది. దారం మీద ఎక్కడ నీడ పడితే మెలిక కనబడుతుందో ఆమెకు తెలుసు. బసవపున్నయ్య మాట్లాడడం తగ్గించాడు.

దగ్గరగా తీసే ఫొటోలో ఆమె చెయ్యి కూడా ఉండాలన్నాడు ఆయన. చుక్క ఎంత చిన్నదో చూసేవాళ్ళకు అప్పుడే తెలుస్తుందట. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "గోళ్ళకి పసుపండీ."

"ఉండనివ్వండి. అల్లింది ఆ చెయ్యే కదా."

ఆ ఒక్క ఫొటో తేజశ్రీ తీసింది. సాయంత్రం అన్నీ కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తుంటే మాణిక్యాంబ కుర్చీలో ముందుకు వంగింది. తెర ఎడమ అంచులో ఒక చుక్కకు ఐదు కోణాలే ఉన్నాయి. ఆరోది లేదు. ఇన్నాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని అల్లిన తెరలో ఆ తప్పు ఆమె కంటబడనే లేదు.

"కోయీ బాత్ నహీఁ అమ్మా, ఆ అంచు క్రాప్ చేసేద్దాం. ఎవ్వరికీ తెలీదు" అంది తేజశ్రీ.

మాణిక్యాంబ బసవపున్నయ్య వైపు చూసింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అది మీ పని. నేను చెప్పేది కాదు" అన్నాడు.

మర్నాడు ఆమె కత్తెర తీసి ఆ చుక్క చుట్టూ ముడులు ఒక్కొక్కటే కత్తిరించింది. కొత్త చుక్క అల్లి, పక్క చుక్కలకు జత చేసింది. తెరంతా ఉతికి, పల్చటి గంజిలో ముంచి, మంచం మీద గుండుసూదులతో లాగి ఆరబెట్టింది. ఎంట్రీలకు గడువు దగ్గరపడుతోందని జనార్దనరావు కంగారుపడ్డాడు గానీ ఆమె తొందరపడలేదు. తరువాతి శనివారం ఫొటోలన్నీ మళ్ళీ మొదటినుంచి తీశారు. ఈసారి పలకలూ మోచేతులూ రాలేదు.

సామాను సర్దుతుంటే, గోడ మీంచి తీసి బాల్కనీ తలుపుకు తగిలించిన తెరలోంచి ఎండ దూరి గచ్చు మీద పడింది. నేలంతా ఆరుకోణాల చుక్కలు పరుచుకున్నాయి. మాణిక్యాంబ ఎవరినీ అడగకుండా కెమెరా తీసుకుని, తెర సగమూ నీడ సగమూ వచ్చేలా ఒకటి తీసింది. దాని ప్రింటు చేతికి వచ్చాక బసవపున్నయ్య కళ్ళజోడు సర్దుకుని ఈ అంచునుంచి ఆ అంచుదాకా చూశాడు.

"దీన్ని పైన పెట్టి పంపండి" అన్నాడు.

ఫిబ్రవరిలో ఫోన్ వచ్చింది. తెరను తీసుకురమ్మన్నారు. మార్చిలో, మండీ హౌస్ దగ్గర ఒక హాల్లో, దేశం నలుమూలలనుంచీ వచ్చిన కుండలు, నేతబట్టలు, బొమ్మల మధ్య మాణిక్యాంబ తెర వేలాడింది. దానికి రెండో బహుమతి వచ్చింది. పార్కు స్నేహితురాళ్ళంతా ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. సంతోష్ ఆంటీ అయితే అవార్డు తనకే వచ్చినంత హడావిడి చేసింది.

స్టేజి మీద రెండు మాటలు చెప్పమన్నారు. మాణిక్యాంబకు మైకంటే భయం. హిందీలో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, తన పనిని ఇంతమంది చూసినందుకు సంతోషంగా ఉందనీ, పనిని ఎలా చూపించాలో తనకు నేర్పిన మాస్టారు అదిగో అక్కడ కూర్చున్నారనీ చెప్పింది. వేలు చూపించిన వైపు అందరూ తిరిగారు. బసవపున్నయ్య కూడా ఇంకెవరో ఉన్నారనుకుని వెనక్కి తిరిగి చూశాడు. జనార్దనరావు ఆయన భుజం పట్టుకుని లేపి నిలబెట్టాల్సి వచ్చింది.

ఆ తరువాత పార్కులోని ఆడవాళ్ళు తమ పనులు మాణిక్యాంబ దగ్గరకు తేవడం మొదలుపెట్టారు. ఒకావిడ కాశ్మీరీ కుట్టు శాలువా తెచ్చింది. ఇంకొకావిడ మనవరాలికి అల్లిన స్వెటర్ తెచ్చి, కెనడాలో ఉన్న కూతురికి పంపాలి, రంగు సరిగ్గా రావాలి అంది. మాణిక్యాంబ అందరినీ బాల్కనీ తలుపు దగ్గర కూర్చోబెట్టి, ఎండ పక్కకు వాలేదాకా ఆగమనేది. ఎవరైనా మెచ్చుకుంటే, "పున్నయ్య మాస్టారు చెప్పింది చేశానండీ, నాదేం లేదు" అనేది. ఆ మాట మొహమాటానికి అన్నది కాదు. పండక్కి చేసిన అరిసెలైనా, కొత్త ఆవకాయైనా ముందు మునీర్కాకు వెళ్ళాకే ఇంట్లోవాళ్ళ కంచాల్లోకి వచ్చేవి.

మరుసటి ఏడు ఆయన విశాఖపట్నంలో కూతురి దగ్గరకు వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాడు. వెళ్ళే ముందు ఒక పొద్దున టిఫినుకు పిలిచారు. పెసరట్లు తిని ఆయన బాల్కనీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. మాణిక్యాంబ కెమెరా తెచ్చింది.

"మీ ఫొటో ఒక్కటైనా మీ దగ్గర ఉందా మాస్టారూ?"

"ఎందుకు లేదు, పాత ఐడీ కార్డు మీద ఉంది."

ఆమె కెమెరా స్టాండు మీద పెట్టింది. ఆయనకు నోరు ఊరుకోలేదు. "తలుపు ఇంకాస్త మూయండి. అలా కాదు, మీరు ఎడమకు జరగాలి. కళ్ళజోడులో కిటికీ కనబడుతుంది, చూసుకోండి."

"ఒక్క నిమిషం మాట్లాడకండి మాస్టారూ."

అంతవరకూ ఆ ఇంట్లో ఆయనతో ఎవరూ అలా అనలేదు. ఆయనకు నవ్వొచ్చింది. ఆమె అప్పుడు నొక్కింది.

ఆ ఫొటోను ఫ్రేము కట్టించి, ఆయన రైలెక్కిన రోజు స్టేషన్లో చేతికి ఇచ్చారు. వారం తరువాత విశాఖపట్నం నుంచి ఆయన కూతురు వాసవి ఫోన్ చేసింది. ఎన్ని గుళ్ళ ఫొటోలున్నా నాన్న నవ్వుతున్న ఫొటో తమ ఇంట్లో ఇదొక్కటేనని చెప్పి, "చాలా థాంక్సండీ" అంది.

"అయ్యో, ఆ మాట నేను అనాలమ్మా" అంది మాణిక్యాంబ.