అవతలి ఒడ్డు నుంచి అత్త డాబా

పోయిన నెల మా అమ్మాయి శ్రీకాకుళం వచ్చి, “అమ్మా, ఊరంతా ఒక్క ఫోటోలో పడే చోటు ఎక్కడుంది?” అని అడిగింది. వాళ్ళ భాషలో దాన్ని స్కైలైన్ అంటారట. నాకు నవ్వొచ్చింది. నాగావళి ఒడ్డున మా వీధికి స్కైలైన్ ఏమిటి? ఒక గోపురం, ఒక చర్చి శిఖరం, మంచినీళ్ళ ట్యాంకు, సందు దొరికిన చోటల్లా లేచిన అపార్టుమెంట్లు, వాటి నెత్తిన సెల్ టవర్లు. అమ్మాయి మాత్రం వదల్లేదు. మొదట నన్ను వంతెన మీదికి లాక్కెళ్ళింది. కెమెరా ఎత్తిందో లేదో, వెనక నుంచి ఆటోవాడు హారన్ మోగించి, “సావడానికి ఇంకో సోటు దొరకనేదేటమ్మా?” అని దీవించి పోయాడు. తర్వాత రేవు మెట్ల దగ్గరికి వెళ్ళాం. అక్కడ అవతలి ఒడ్డు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, మన ఊరు తప్ప.

ఇంటికొచ్చి ఈ గోడు చెప్పుకుంటుంటే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్త తల ఎత్తింది. అత్తంటే మా మేనమామ భార్య. ఎనభయ్యో పడిలో పడింది, మావయ్య పోయి ఆరేళ్ళయింది. “అవతలొడ్డున ఇసకలోకి ఎల్లండే. పుచ్చపాదుల కాడి నుంచి ఊరంతా అద్దంలా అవుపిస్తాదని మీ మావ సెప్పీవోడు,” అంది. కాసేపు చిక్కుడుకాయలతో మాట్లాడుకుని, “నన్నూ తీసుకెల్లండి. నాకు ఒకటి సూడాలున్నాది,” అంది.

ఆవిడ చూడాలనుకున్నదేమిటో నాకు తెలుసు. మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు.

మావయ్య ప్రతి వేసవిలో ఏరు సన్నబడగానే అవతలి ఒడ్డు ఇసకలో పుచ్చపాదులు వేసేవాడు. పొద్దున్నే మోకాలి లోతు నీళ్ళలో దాటి వెళితే మళ్ళీ అన్నానికే రావడం. ఫోన్లు లేని రోజులు కదా, అత్త డాబా మీద దండేనికి గుడ్డ కట్టేది. తెల్ల తువ్వాలు కడితే అన్నం వండాను, రా అని. నీలం చీర కడితే చుట్టాలొచ్చారు, కాయ పట్టుకుని రా అని. ఎర్ర నేత చీర కడితే ఉన్నవాడివి ఉన్నట్టు పరుగెత్తుకు రా అని. చిన్నప్పుడు సెలవులకి విజయనగరం నుంచి వచ్చే నాకు ఆ నీలం చీరంటే ప్రాణం. అది ఎగిరిన అరగంటకి భుజాన పుచ్చకాయతో మావయ్య నీళ్ళలో దిగేవాడు. తువ్వాలు కట్టడం ఆలస్యమైతే మాత్రం ఇంటికొచ్చి, “ఏటే, ఈయేళ నాకు ఏకాదశా?” అని అత్తని ఏడిపించేవాడు. ఆవిడ మూతి తిప్పుకుంటూనే ఇంకో గరిటె పప్పు వేసేది. వాళ్ళిద్దరిలాంటి జంటని నేను మళ్ళీ చూడలేదు.

ముప్పై ఏళ్ళ కిందట ఒక వేసవిలో నౌపడ నుంచి కబురొచ్చింది, అత్త తల్లికి బాగులేదని. సాయంత్రం రైలుకి బయల్దేరాలి. ఒంటరిగా రైలెక్కే అలవాటు ఆవిడకి లేదు. పొద్దున పది గంటలకే ఎర్ర చీర కట్టింది. మావయ్య రాలేదు. అన్నం వేళ దాటింది, రైలు వేళా దాటింది. దీపాలు పెట్టేవేళకి తీరిగ్గా వచ్చి, గుమ్మంలో ఏడుస్తున్న అత్తని చూసి తెల్లబోయాడు. “అవుపించనేదే, నీ మీదొట్టు,” అన్నాడు. మర్నాడు వాళ్ళు వెళ్ళేసరికే తల్లి కన్నుమూసింది. ఆ తర్వాత అత్త డాబా మీద ఏ గుడ్డా కట్టలేదు. కాపురం చేసింది, వండింది, పెట్టింది, నవ్వింది కూడా. కానీ ఆ ఒక్క మాట మాత్రం నమ్మలేదు. అంత ఎర్ర చీర, అంత పెద్ద డాబా, కనబడకపోవడమేమిటి? పాదుల దగ్గర పేకాటో, కునుకో అని ఆవిడ అనుమానం. మావయ్య పోయేదాకా ఆ ఒట్టు అలాగే ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆటోలో వంతెన దాటి, అత్తని చెరో చెయ్యి పట్టుకుని ఇసకలో దింపాం. నిజంగానే ఊరంతా అద్దంలా ఉంది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. అత్త మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని డాబా వెతుక్కుని, ఇంట్లో ఉన్న తన కోడలికి ఫోన్ చేయించింది.

“ఎర్ర సీర కట్టినావేటే?”

“ఎప్పుడో కట్టినానత్తా. జెండాలా ఎగురుతన్నాది.”

ఎక్కడ ఎగురుతోంది? నాకు కనబడలేదు. మా అమ్మాయికీ కనబడలేదు. కెమెరాలోంచి దగ్గరగా చూస్తే అప్పుడు దొరికింది. డాబా వెనకే వెనకింటివాళ్ళ మేడ గోడ, సిమెంటు పూయని ఎర్ర ఇటుకల గోడ. చీర అందులో కలిసిపోయింది.

ఆ మేడ లేచింది ఆ వేసవిలోనే. గోడకి సిమెంటు పూయాలంటే మా డాబా మీద పరంజా కర్రలు కట్టాలి. వాళ్ళతో హద్దు తగాదాలో ఉన్న అత్త, తన డాబా మీద ఎవడూ కాలు పెట్టడానికి వీల్లేదంది. అందుకే అది ఇన్నేళ్ళూ అలాగే ఉండిపోయింది.

అత్త కూడా కెమెరాలోంచే చూసింది. తర్వాత, “తెల్ల తువ్వాలు కట్టమను,” అంది. కోడలు కట్టింది. ఇంత దూరానికీ స్పష్టంగా, పిలుస్తున్నట్టే కనబడింది. దాన్ని చూసి అత్త అక్కడే ఇసకలో కూర్చుంది.

“ఆయేళ తువ్వాలు కట్టనేదే నాను. ఎర్ర సీరే కట్టీసి ఊరుకున్నాను. తువ్వాలు కోసం సూసీ సూసీ, అన్నం తినకుండా పొద్దుగూకేదాకా ఇక్కడే కూసున్నాడే. ఇంటికొచ్చాక ఆకలేస్తందని కూడా అన్నేదు.”

 మావయ్య ఆ రాత్రి తిన్నాడో లేదో కూడా మాకెవరికీ తెలియదు.

ఆ వారమే అత్త వెనకింటికి తనే వెళ్ళి, “మీ గోడకి సిమెంటెయ్యించుకోండి, కర్రలు మా డాబా మీదే కట్టుకోండి,” అని చెప్పొచ్చింది. వాళ్ళు ముందు నమ్మలేదు. మేస్త్రీలు వచ్చారు, సున్నం కూడా వేశారు. ఫోటో మళ్ళీ తీసి పంపమని అమ్మాయి అడిగితే, నిన్న నేనొక్కదాన్నే ఇసకలోకి వెళ్ళాను. అత్త నాకు చెప్పకుండానే ఎర్ర చీర కట్టింది. తెల్లటి గోడ ముందు అది ఎంత బాగా కనబడిందో! ఆ చీర ఈ ఒడ్డుకి చేరడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. అన్నానికి పొద్దుగూకేదాకా ఆగినవాడు, దీనికోసం ఇంకో ఆరేళ్ళు ఆగలేకపోయాడు.