కరుణమ్మ గొంతులో ఆగిన రొట్టె

2023 ఫిబ్రవరి. మిరపకాయల కాలం. గుంటూరు యార్డుకు బస్తాలు మోసుకెళ్లే లారీలు మా ఆసుపత్రి వీధిలోంచే పోతాయి. ఆ రెండు మూడు నెలలూ మా ఓపీలో పేషెంట్లు తుమ్ముతారు, నర్సులు తుమ్ముతారు, స్టెతస్కోపు పెట్టి వింటూ వింటూ నేనూ తుమ్ముతాను. నేను సర్జన్ని. గొంతు నుంచి కడుపులోకి అన్నం దిగే గొట్టాన్ని అన్నవాహిక అంటాం. దాని జబ్బులు, ఆపరేషన్లు, వాటి మీద పరిశోధన నా పని.

ఒక మాట ముందే చెప్పాలి. నాకు ఓపిక తక్కువ. కుర్చీలో కుదురుగా కూర్చోలేను. ఆపరేషన్ టేబుల్ దగ్గర తప్ప నా కాళ్లు ఒకచోట నిలవవు. అలాంటిదాన్ని పరిశోధన ఎందుకు నెత్తికెత్తుకున్నానో నాకే తెలియదు. పరిశోధన అంటే సగం పని ఎదురుచూడటమే.

అకలేజియా అనే జబ్బు ఉంది. అన్నవాహిక చివర, కడుపు మొదలయ్యే చోట, వాల్వులాంటి కండరం ఉంటుంది. మనం మింగినప్పుడు అది వదులవ్వాలి. ఈ జబ్బులో వదులవదు. తిన్నది పైనే నిలిచిపోతుంది. ఆ కండరాన్ని కోసి వదులు చేస్తాం. దాన్ని మయోటమీ అంటారు. అయితే వాల్వు వదులైతే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది కాబట్టి కడుపు పైభాగాన్ని కొంచెం లాగి అడ్డంగా చుట్టి కుడతాం. ఆ చుట్టు ముందు వైపు వేస్తే మంచిదా, వెనక వైపు వేస్తే మంచిదా? అదే మా పరిశోధన. ఎవరికి ఏది వేయాలో మా ఇష్టం కాదు, చీటీ తీసినట్టు సీల్ చేసిన కవరు చెబుతుంది. ఆపరేషన్‌కు ముందూ తరవాతా అవే పరీక్షలు చేసి పోల్చుకుంటాం.

కరుణమ్మ (పేరు మార్చాను) అప్పుడు వచ్చింది. దర్శి అవతల ఒక ఊరు. యాభై దాటిన మనిషి. తెల్ల చీర, చంకలో బైబిలు సంచి. వాళ్ల చర్చి సంఘంలో బైబిల్ ఉమన్, అంటే ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసి, ఆడవాళ్లకు వాక్యం చెప్పే సేవకురాలు. జాకెట్టు భుజాల మీద నిలవడంలేదు. వెంట కోడలు సుజాత. వేళ్లన్నీ మిరపకోతకు ఎర్రబడి ఉన్నాయి.

"ఏం తింటున్నారమ్మా?"

"ఉపవాసమండి. ఈస్టర్ ముందు నలభై రోజుల శ్రమల కాలం గదా."

"లెంట్ మొదలై వారం కూడా కాలేదు. ఈ చిక్కడం వారం రోజుల చిక్కడం కాదు. ముద్ద ఎక్కడ ఆగుతోంది? చూపించండి."

ఆమె వేలు రొమ్ము ఎముక మీద పెట్టింది.

రెండేళ్లుగా ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అని బిళ్లలు ఇస్తున్నాడట. పడుకుంటే తిన్నది నోట్లోకి వస్తుంది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. నాలుగు మెతుకులు తిని వేడినీళ్లు తాగి, చేతులు పైకెత్తి నిలబడితే ఎప్పటికో దిగుతుంది. అందరి ముందూ అలా నిలబడలేదు కాబట్టి ఎవరింట్లోనూ తినదు. ఏ గడపలో కంచం పెట్టినా ఉపవాసం అంటుంది. ఊరంతా ఆమె భక్తికి చేతులెత్తి మొక్కుతోంది. ఆ మొక్కులు విని నాకు ఒళ్లు మండింది. మనిషి కళ్ల ముందు ఆరిపోతుంటే భక్తి అనుకున్నారు.

ఎండోస్కోపీలో క్యాన్సర్ లేదని తేలింది. మానోమెట్రీ చేశాం. ముక్కులోంచి సన్నని ట్యూబు దించి, కొద్దికొద్దిగా నీళ్లు మింగించి లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష అది. అకలేజియానే. ఆపరేషన్ చేస్తే మామూలుగా తింటారని చెప్పాను.

"ఈస్టర్ అయిందాకా కత్తి పెట్టబాకండి డాక్టరమ్మా," అంది.

ఎందుకని ఎంత అడిగినా చెప్పలేదు. బయట వరండాలో సుజాతను పట్టుకున్నాను.

"క్రిస్మస్ నాడు చర్చిలో సంస్కారం పుచ్చుకునేటప్పుడు రొట్టె ముక్క వెనక్కొచ్చింది మేడం. అందరూ చూస్తుండగానే కొంగులోకి. అయోగ్యంగా పుచ్చుకుంది, లోపల ఏదో పాపం దాచిందని సంఘంలో కొందరు ఆడాళ్లు చెవులు కొరుక్కున్నారు. అప్పట్నించి అత్తమ్మ బల్ల దగ్గరికే పోలా. నలభై రోజులూ ఉండి ఈస్టర్ నాడు పుచ్చుకుంటదంట. రొట్టె దిగితే దేవుడు క్షమించినట్టంట."

సంస్కారంలో క్రీస్తు శరీరమని రొట్టె, రక్తమని ద్రాక్షరసం ఇస్తారు; నేనూ ఆ బల్ల దగ్గర మోకరించి పెరిగినదాన్నే. మా అమ్మ ఒంగోలులో టీచరు. సంస్కారం ఆదివారం పొద్దున ఎవరితో పోట్లాడావో గుర్తు తెచ్చుకోమని, వాళ్లతో సమాధానపడందే బల్ల దగ్గరికి పోవద్దని చెప్పేది. మెడికల్ కాలేజీ తరవాత నేను పోవడమే మానేశాను. ఎవరైనా అడిగితే డ్యూటీ అంటాను. కాబట్టి కరుణమ్మ భయం ఏమిటో నాకు ఒకరు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఈస్టర్ నాడు ఆ రొట్టె దిగదని కూడా నాకు తెలుసు. అది దిగని రోజున ఆమె మళ్లీ ఏ ఆసుపత్రి గడపా తొక్కదు.

తెల్లారి సుజాత దగ్గర నంబరు తీసుకుని, ఆయన చెబితే వింటుందేమోనని వాళ్ల పాస్టరు గారికి ఫోన్ చేశాను. బేరియం పరీక్ష రోజున ఆయన కూడా వస్తే మంచిదన్నాను. పెట్టేశాక తప్పు చేశానేమో అనిపించింది. ఆయన గనక ఆపరేషన్ వద్దు, ప్రార్థన చాలు అంటే, ఆ మాట మీద ఇంకో మాట ఉండదు. పరీక్ష రోజు వచ్చేదాకా నా జూనియర్ల మీద అరుస్తూనే ఉన్నాను.

పాస్టరు గారు బస్సు దిగి నేరుగా వచ్చారు. పెద్దాయన. చొక్కా చేతుల మీద మిరప దుమ్ము. రెండెకరాలు కౌలుకు చేస్తారట, కల్లంలో కాయలు ఆరబోసి వచ్చారు.

బేరియం అంటే తెల్లటి, పలచని సున్నంలాంటి మందు. తాగించి ఎక్స్‌రే తీస్తే అది ఎక్కడిదాకా పోయిందో కనిపిస్తుంది. నేను ఎదురు బేకరీ నుంచి బ్రెడ్డు తెప్పించి, ముక్క దాంట్లో ముంచి ఇచ్చాను. కరుణమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది రొట్టె గదండి."

"పరీక్షలో మందేనమ్మా," అన్నారు పాస్టరు గారు. అప్పుడు నోట్లో పెట్టుకుంది.

తరవాత సుజాతతో కలిపి నలుగురం తెర ముందు నిలబడ్డాం. అన్నవాహిక నిండా తెల్లటి నిలువు స్తంభం, కింద పక్షి ముక్కులా సన్నగా మూసుకుపోయి. ముక్క అక్కడే కూర్చుంది. నా తెలివి చూపించే సమయం వచ్చిందనుకున్నాను.

"చూశారా? ఇది బేకరీ బ్రెడ్డు. దీని మీద ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. ఇదీ ఆగింది. దీనికీ మీ పాపమే కారణమా?"

ఆమె తడుముకోలేదు. "దేవుడు అన్ని రొట్టెలూ చూస్తాడు గదండి."

ఆమే మళ్లీ అడిగింది. "సరే, మీరు కోసినాక దిగిందనుకోండి. అది ఆయన క్షమించినట్టా, మీరు కోసినట్టా? నాకెట్టా తెలుస్తది?"

ఇరవై ఏళ్ల చదువులో ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు. నేను గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. పాస్టరు గారు మాత్రం తెరనే చూస్తున్నారు.

"కరుణమ్మా, క్రిస్మస్ నాడు రొట్టె వెనక్కొచ్చింది సరే. గిన్నె పుచ్చుకున్నావా?"

"పుచ్చుకున్నానయ్యా."

"ద్రాక్షరసం దిగిందా?"

"దిగింది."

"మరి రొట్టెకాడ క్షమించకుండా రసంకాడ క్షమించాడా? దేవుడు సగం సగం పన్లు చేస్తాడా ఏందమ్మా?"

ఆమె ఆయన వంక చూసింది. తెర వంక చూసింది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది ఆమెకు. నవ్వు దగ్గులోకి దిగి, కళ్లు తుడుచుకుంటూ గోడకు ఆనుకుంది. సుజాత కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అదేందో నాకు తట్టలేదయ్యా," అంది కరుణమ్మ. తరవాత నాతో, "ఎప్పుడు చేస్తారండి?"

ఎవరు అడ్డం పడతారని నేను నిద్ర మానుకున్నానో, ఆయనే దారి చూపారు. ఆయన మీద అనవసరంగా అనుమానపడ్డందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు మొహాన కనపడకుండా ఫైలు తిరగేశాను.

పరిశోధనలో చేరడానికీ ఆమె ఒప్పుకుంది. కవరు తెరిస్తే ముందు వైపు చుట్టు వచ్చింది. ఆపరేషన్‌లో కండరాన్ని కోస్తూ పోతే కింద ఉల్లిపొరంత పలచటి లోపలి పొర బయటపడుతుంది. అది చిరగకూడదు. ఆ గంటసేపూ నేను కదలని మనిషిని. మర్నాడు రంగు మందు తాగించి ఫొటో తీస్తే తేలిగ్గా కిందికి జారింది. తరవాత గ్లాసుడు నీళ్లు ఇచ్చాను. ఆమె తాగి, చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, ఎక్కడ ఆగుతాయా అని వెతుక్కుంది.

"ఆగలేదండి," అంది. సంతోషంగా కాదు, కంగారుగా.

డిశ్చార్జి నాటికి ఈస్టర్ దగ్గరపడింది. లోపల వాపు తగ్గేదాకా రొట్టె, చపాతీ, మాంసం వద్దని గట్టిగా చెప్పాను. పండగ నాడు ఏం చేస్తుందో అని నాకు గుబులు. "మే నెల మొదటి ఆదివారం సంస్కారం ఉంది గదా, అప్పుడు పుచ్చుకుంటాను లెండి. ఇన్నాళ్లు ఆగినదాన్ని," అని నన్నే ఓదార్చింది.

అంతకు ముందు వారం ఆమె చెకప్‌కు రావాలి. రాలేదు. ఫోన్ ఎత్తరు. పరిశోధనలో ఒక పేషెంటు జారిపోతే గ్రాఫులో ఒక చుక్క పోతుంది, అంతే. నా తిరుగుడు మాత్రం చుక్క కోసం కాదు. ఆ మే మొదటి ఆదివారం పొద్దున్నే కారు తీశాను. అద్దంకి దాటాక దారి పొడుగునా పట్టాల మీద చివరి కోత మిరపకాయలు ఆరుతున్నాయి. ఊరివాళ్లు గుడి అనే చర్చి బయటే సుజాత ఎదురైంది. "కోతలు మేడం, ఒక్కరం కూడా కదల్లేకపోయాం. అత్తమ్మ తింటా ఉంది. మీరే చూడండి."

రేకుల గుడిలో ఆడవాళ్ల వైపు ఆఖరి చాప మీద కూర్చున్నాను. పాట అయిపోయింది. ఒక్కో వరుసా బల్ల దగ్గరికి వెళ్తోంది. కరుణమ్మ వెళ్లి మోకరించింది. నేను ప్రార్థన చెయ్యలేదు, ఆమె మెడ వెనక నుంచి కనిపించే ఆ కదలికనే చూస్తున్నాను. గుడిలో ఇంకొందరు ఆడవాళ్లూ అదే చూస్తున్నారు. ఆమె రొట్టె తీసుకుంది. గిన్నె తీసుకుంది. కొంగు నోటి దగ్గరికి పోలేదు. చేతులు పైకి లేవలేదు. లేచి, మామూలుగా నడిచి వచ్చి, నా పక్కనే కూర్చుంది.

ఆ తరవాత నా దగ్గరికి వచ్చే ఏ పేషెంటునూ ముద్ద దిగుతోందా అని మాత్రమే అడిగి వదిలిపెట్టడంలేదు. ఎవరి ముందు తినడం మానేశారు అని కూడా అడుగుతున్నాను. జబ్బు ఎంత పాతదో, మనిషి దేన్ని పోగొట్టుకుందో ఆ ప్రశ్నకే బయటపడుతుంది. ఈ సంగతి నాకు ఆ చాప మీద అర్థమైంది.

కానీ ఆ రోజు దాని గురించి ఆలోచిస్తూ కూర్చునే తీరిక ఎక్కడిది? కరుణమ్మ కాసేపు కళ్లు మూసుకుని, తెరిచి, నా వంక చూసింది. ఆఖరి వరుస లేస్తోంది. నేను లేవలేదు.

"మీరు పుచ్చుకోరా డాక్టరమ్మా?" అంది మెల్లగా. "మీ గొంతు బాగానే ఉంది గదా?"

డ్యూటీ అని చెబుదామని నోరు తెరిచాను. ఆదివారం అది. నా మీద ఏ డ్యూటీ లేదు. చెప్పులు బయటే ఉన్నాయి, కొంగు సర్దుకున్నాను, లేచి ఆఖరి వరుస వెనక నిలబడ్డాను.