అడగకుండా పడిన కొసరు

మొన్న ఉప్పల్‌లో మెట్రో దిగి, పాత అలవాటుకొద్దీ జామకాయల బండి దగ్గర బేరమాడుతుంటే, ఎవరో అమ్మాయి ఫోన్ ఎత్తి మమ్మల్ని ఫోటో తీసుకుని తన దారిన పోయింది. ఆమెను తప్పుపట్టలేను, ఒకప్పుడు నేను చేసిందీ అదే పని. అయినా ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

ఎనభైల చివర నేను అగరుబత్తీల ఆర్డర్లు పట్టుకుంటూ ఉప్పల్, చెంగిచెర్ల, నాచారం దుకాణాలన్నీ తిరిగేవాణ్ణి. కిరాణా కొట్టువాళ్ల ఇంట పుట్టిన నాకు బేరం ఉగ్గుపాలతోనే అబ్బింది. కోఠీలో అరచేతిలో ఇమిడే పాత కెమెరాను గంటసేపు గీచి గీచి సగం ధరకు కొట్టేశాక, దాని ఫ్లాష్ వెలగదని ఇంటికొచ్చి తెలుసుకున్న తెలివిమంతుణ్ణి. అట్లా నా తెలివే నన్ను వీధి దీపాల పాలు చేసింది. ఆఖరి దుకాణం షట్టరు పడ్డాక కూడా ఇంటికి పోబుద్ధి కాక, చేతిరుమాలు కింద కెమెరా దాచుకుని, కరెంటు స్తంభానికి మోచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎవరికీ తెలియకుండా ఫోటోలు తీసేవాణ్ణి. ఒక వీధిలో నిలబడితే పక్క వీధిలో ఇంకేదో జారిపోతున్నట్టుండేది.

మా వీధిలోనే అక్కా, బావా ఉండేవారు. బావ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నెల జీతగాడు కాబట్టి మమ్మల్ని చూస్తే ఒకటే ఎగతాళి. “తక్కెడ పట్టేటోళ్లకు తూకమే గని లోకం తెల్వదు” అనేవాడు.

ఒక చలికాలం రాత్రి నాచారంలో, ఫ్యాక్టరీల షిఫ్టు వదిలే చోట, పెట్రోమాక్సు లైటు వెనక మఫ్లరు చుట్టుకుని తలవంచుకున్న ఒక జామకాయల మనిషి కనబడ్డాడు. కొనే అవసరం లేకపోయినా నోరు ఊరుకోక ధర సగానికి కోశాను. అతను పెదవి విప్పకుండా తూచి, నేను అడగకుండానే కొసరు వేశాడు. పుట్టి బుద్ధెరిగి అడగకుండా కొసరు వేసినవాణ్ణి చూడలేదు. మా నాయనైతే నాలుగుసార్లు అడిగించుకునిగానీ వేసేవాడు కాదు. అనుమానం రావలసింది పోయి నాకు గర్వం వచ్చింది. రోడ్డు దాటి వెనక్కి తిరిగి ఒక ఫోటో తీశాను.

వారం తరువాత రీలు కడిగించి చూస్తే, నేను వెళ్లిపోయాననుకుని మఫ్లరు దించి, నేను పోయిన దిక్కే చూస్తున్నాడు మా బావ.

ఆ ఫోటో జేబులో పెట్టుకుని మళ్లీ నాచారం పోయాను. బావ దాన్ని దీపానికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి మూడు నెలలైందట.

“నోరు దెరిస్తే గొంతు గుర్తువడ్తవని నువ్వడిగిన ధరకే ఇచ్చేసిన బామ్మర్ది,” అన్నాడు. “మీ అక్కకు నేనే చెప్త. జర టైమియ్యి.”

నా జన్మలోకెల్లా గొప్ప బేరం అదేనని అప్పటిదాకా నలుగురికి చెప్పుకున్నాను. ఆ రాత్రే నెగటివు నుంచి ఆ ముక్కను బ్లేడుతో కోసి పొయ్యిలో వేశాను.

కానీ నా ఫోటోల కవరు నా తరువాత ముందుగా విప్పేది అక్కే. పైగా ఆమె కూడా కొట్టువాళ్ల ఇంటి పిల్లే.

“ముప్పయ్యారు రీలు గదరా, ఒక్కటి తక్కువున్నదేంది?”

“ఖరాబైందక్కా.”

“ఖరాబు కాలే. అందుల మీ బావున్నడు.” నా ముఖం చూడకుండా కవరు మూసింది. “రెండు నెల్లసంది ఆయన అంగీ జామకాయ వాసనొస్తున్నది. ఉతికేది నేనే గదరా. ఆయన నోటితోని ఆయన చెప్పేదాంక నాకు తెల్వదు, నీకు గూడ తెల్వదు. సమజైందా?”

బావ సంక్రాంతి దాటాక చెప్పాడట. అక్క అప్పుడే విన్నట్టు కాసేపు ఏడ్చిందట కూడా.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి, రాత్రంతా తెల్లటి దీపాలు. నాకు కాలు నిలవక ఇంకా అటు తిరిగి వస్తూనే ఉంటాను. ఫోటోలు తీసుకోవడానికి అంతకంటే మంచి వెలుతురు లేదు. కానీ పని పోయిన మనిషి, ఇంట్లో చెప్పే ధైర్యం వచ్చేదాకా నాలుగు రోజులు ముఖం దాచుకుని నిలబడేంత చీకటి మాత్రం నాచారంలో ఎక్కడా మిగల్లేదు.