మిట్టమధ్యాహ్నపు మల్లెవాసన

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొవ్వొత్తులకు కాలాలుండేవి. చలికాలానికొకటి, వేసవికొకటి, వానలకొకటి. ఈ మాట చెబితే మా మనవరాలు నేనేదో దొరల బంగళాలో పెరిగాననుకుంటుంది. మొన్న తను ఫోనులో ఆర్డరు పెట్టి, గాజు గ్లాసుల్లో పోసిన వాసన కొవ్వొత్తుల పెట్టె తెప్పించింది. ఏ కాలంలో ఏది వెలిగించాలో అట్ట మీద బొమ్మలేసి మరీ రాశారు. వేసవికి ఏది బావుంటుంది నానమ్మా అంటూ ఒక్కొక్కటీ నా ముక్కు దగ్గర పెట్టింది. మల్లెది పెట్టేసరికి నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ముసలిదానికి ఘాటు పడలేదనుకుని, పాపం, కిటికీలన్నీ తీసింది.

మా తాతయ్య పూలతోట రైతు. ఊరి చివర కాలవ పక్కన మాకు చిన్న తోట ఉండేది. ఎండలు ముదిరితే మల్లెలు, వానలు పడితే లిల్లీలు, చలి మొదలైతే చామంతులూ మరువమూ. తెల్లవారేసరికి మొగ్గలు బుట్టలకెక్కి రాజమండ్రి పోయేవి. మాది చర్చికి వెళ్ళే కుటుంబం కాబట్టి మా ఆడవాళ్ళ తలల్లో పూలు తక్కువ, కానీ ఇంట్లో పూలవాసన లేని రోజు లేదు. తాతయ్య చొక్కా విప్పి దండెం మీద వేస్తే గది నిండిపోయేది.

శుక్లాలతో ఆయనకు చూపు పోయాక కూడా తడుముకుంటూ తోటకు వెళ్ళేవారు. ఒక వానాకాలం గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నాన్న చెయ్యి పట్టుకుని, తోటను ఎండబెట్టకురా అన్నారట. నాన్న సరేనన్నారు. నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా, చేతికి మట్టి అంటితే గిట్టని మనిషి. ఒక్కడే కొడుకని తాతయ్య ఎప్పుడో తోటను ఆయన పేర రాసేశారు. తాతయ్య ఆసుపత్రిలో ఉండగానే నాన్న దాన్ని ఇటుకబట్టీ ఆసామికి అమ్మేశారు. ఆ డబ్బు వైద్యానికే ఖర్చయింది, అది అబద్ధం కాదు. కానీ ఆ సంగతి తండ్రికి చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. రేపు చెబుతాను, కాస్త కోలుకోనీ అనేవారు.

తాతయ్యను మంచం మీద ఇంటికి తెచ్చేనాటికి చలికాలం వచ్చింది, బట్టీ కాలుతోంది. ఊకపొగ మా పెరటిదాకా వచ్చేది. అవతలి గట్టున ఎవరో బట్టీ పెట్టారని అమ్మ సర్దిచెప్పింది. మరి మన చామంతుల వాసన తగలదేంటని తాతయ్య అడిగారు. అప్పుడు పుట్టింది ఆ ఉపాయం.

మా అమ్మ పుట్టింట్లో క్రిస్మస్‌కు కొవ్వొత్తులు స్వయంగా పోసుకునేవారు. ఆ పని ఆమెకు బాగా వచ్చు. కొట్లో కొన్న కొవ్వొత్తులు వేడినీళ్ళ మీద గిన్నెలో కరిగించి, చామంతి రేకులూ మరువమూ నానబెట్టిన కొబ్బరినూనె కలిపి, కొత్త వత్తి వేసి వెదురు గొట్టంలో పోసింది. అవి ఆరాక నన్ను పిలిచి వాసన చూడమంది. నాది తాతయ్య ముక్కని ఇంట్లో పేరు. చామంతి వాసన చాల్లేదంటే మళ్ళీ కరిగించేది. బాగుందన్న తరవాతే తాతయ్య గది గూట్లో వెలిగేది. చూపు లేని మనిషికి వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో ఏం తెలుస్తుందనుకున్నాం. ఆయన గుండెల నిండా పీల్చి, ఈ ఏడు చామంతి బాగా పట్టిందమ్మా అంటే, అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది. నాకైతే గొప్ప గర్వంగా ఉంది.

వేసవి రాగానే రాజమండ్రి అత్తరు కొట్టు నుంచి మల్లె అత్తరు తెప్పించింది అమ్మ. మేం బోల్తాపడింది దానితోనే. ఒక రోజు మధ్యాహ్నం గాలి తిరిగి పొగ నేరుగా గదిలోకి కొడుతోంది. తాతయ్య దగ్గుతున్నారు. అమ్మ కంగారుగా, పొద్దూ వేళా చూడకుండా మల్లె కొవ్వొత్తి వెలిగించేసింది. మల్లెమొగ్గ ఎండవేళ వాసన వెయ్యదు. పొద్దుగూకి విచ్చుకుంటేనే దాని పరిమళం. తోట ముఖం చూసిన ఏ పిల్లకైనా తెలిసిన సంగతే, మాకు ఆ క్షణాన తట్టలేదు.

తాతయ్య దగ్గు ఆపుకుని గాలి పీల్చి చూశారు. తరవాత, "ఏంటమ్మా, మిట్టమధ్యాహ్నం మల్లెలు ఇచ్చుకుంటున్నాయేంటి?" అన్నారు.

"కోసిన మొగ్గలు నీడలో పోశామండి మావయ్యగారూ, అందుకే తొందరగా ఇచ్చుకున్నట్టున్నాయండి," అంది అమ్మ.

"అంతేలే," అన్నారాయన.

ఆ సాయంత్రం నుంచి తాతయ్య కొత్త అలవాటు మొదలుపెట్టారు. నాన్న మిల్లు నుంచి రాగానే మంచం పక్కన కూర్చోబెట్టుకుని తోట కబుర్లు అడిగేవారు. కాలవ పక్క మడికి నీళ్ళు పెట్టావా? ముసలి పొదలకు కొమ్మలు కొట్టించావా? మొగ్గలు కొయ్యడానికి ఎవరెవరొచ్చారు? నాన్న తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఒక్కొక్కదానికీ జవాబు కల్పించేవారు. చొక్కా వీపు మీద చెమట పట్టేది. చెప్పెయ్యండి అని అమ్మ ప్రాధేయపడేది. రేపు చెబుతానులే అని నాన్న కసిరేవారు.

వానలు పడ్డాయి. బట్టీ ఆగిపోయింది. పొగ లేదు, అయినా కొవ్వొత్తి ఆగలేదు. లిల్లీ వాసనది పోశాం. ఒక మధ్యాహ్నం అమ్మ చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థనకు వెళ్తూ, వెలిగించమని నాకు చెప్పింది. నేను అగ్గిపుల్ల గీశానో లేదో, తాతయ్య, "వద్దమ్మడూ, ఆర్పెయ్యి," అన్నారు.

నేను పుల్ల ఊది ఆర్పేశాను.

"బట్టీ మన తోటలోనే పెట్టారు కదమ్మా. ఆ గాలి ఎటునుంచొస్తుందో నాకు తెలీదా?"

మరి రోజూ నాన్నను ఎందుకు అడుగుతున్నావని అడిగాను.

"వాడి నోటితో వినాలని."

నేను చెబుతాను తాతయ్యా, నీకు తెలిసిపోయిందని నాన్నకు చెప్పేస్తాను అన్నాను. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అంత జబ్బు మనిషికి అంత పట్టు ఎక్కడిదో.

"నువ్వు చెప్పకు. నువ్వు చెప్తే వాడు బతికిపోతాడు."

చెప్పనని మాటిచ్చాను. ఆయన అన్నదాంట్లో ఉన్నది కోపమో, కొడుకు ఇప్పటికైనా మగాడిలా నిలబడతాడన్న ఆశో నాకు ఈనాటికీ తెలియదు. రెండూ ఉండి ఉంటాయి. నాకు మాత్రం ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఒక్క గదిలో మంచం పట్టె మీద మోచేతులు తగిలేలా కూర్చుని ఒకరు తెలిసి అడుగుతున్నారు, ఒకరు తెలియదనుకుని చెబుతున్నారు. మధ్యలో మేం కష్టపడి వాసనలు పోస్తున్నాం. ఆ వానలు తగ్గేలోపే తాతయ్య పోయారు. ముందురోజు సాయంత్రం కూడా లిల్లీలు ఎలా ఉన్నాయిరా అని అడిగారు. బాగున్నాయి నాన్నా అన్నారు మా నాన్న.

సమాధి దగ్గర నుంచి వచ్చాక చుట్టాలందరి ముందూ నాన్న, ఒక్కటే తృప్తి, తోట పోయిందని ఆయనకు తెలియకుండా చూసుకున్నాం అన్నారు. అందరూ మెచ్చుకున్నారు. కొడుకంటే నువ్వేనయ్యా అన్నారు. తరవాత నాన్న బతికినన్నాళ్ళూ ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పిన ప్రతిసారీ నా ముఖం వైపు చూసేవారు కాదు. ఆయనకు అనుమానం ఉండేదేమో. నేను తాతయ్యకిచ్చిన మాట తప్పలేదు. తప్పనందుకు నాకు గర్వమేమీ లేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని మా ఇంటా బయటా అందరికీ తెలుసు. మా ఆయనకు పెద్ద జబ్బని తేలినప్పుడు పిల్లలంతా ఏకమై, నాన్నకు చెప్పొద్దు, గ్యాసని చెబుదామన్నారు. ఆ ఉదయమే కాఫీ ఇచ్చి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. తరవాత, పిల్లలకు నాకు తెలిసినట్టు చెప్పకు, బాధపడతారు అన్నారు. ఆ సాయంత్రం పెద్దాడు వస్తే, గ్యాసు మందు బాగా పనిచేస్తోందిరా అని నవ్వారు. వాడూ నవ్వాడు.

ఈసారి నేను మాట వినలేదు. వాణ్ణి వంటింట్లోకి పిలిచి, "మీ నాన్నకి అంతా తెలుసు. ఎళ్ళి పక్కన కూర్చో," అన్నాను. నీకు నోరాగదా అమ్మా అని వాడు నా మీద అరిచాడు. అరిచి, లోపలికి వెళ్ళాడు. కాసేపటికి ఇద్దరి ఏడుపూ వినబడింది.

ఆనాటి నుంచి వాడు నాతో సరిగ్గా మాట్లాడడు. మాట్లాడకపోతే పోయె. తండ్రి ఉండగానే తండ్రి ముందు ఏడవగలిగాడు. మా నాన్నకు ఆపాటి కూడా దక్కలేదు.