అమ్మ ఇచ్చిన నేల ఉసిరి మందు

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారేసరికి మా అరుగు మీద కళ్లు పచ్చబడిన మనుషులు కూర్చుని ఉండేవారు. పెదపాడు దగ్గర మా ఊరు. చుట్టూ వరి చేలు, ఆ వెనక చేపల చెరువులు. కామెర్లు వచ్చాయంటే ముందు మా ఇంటికే వచ్చేవారు... అమ్మ నేల ఉసిరి మందు ఇచ్చేది మరి.

చేలగట్ల మీద జానెడు ఎత్తు పెరిగే మొక్క. ఆకు కింద ఆవగింజలంత పచ్చటి కాయలు వరసగా ఉంటాయి. వేళ్లతో సహా పీకి, కడిగి, రోట్లో మెత్తగా నూరి, పుల్లటి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. ఆ తర్వాత పథ్యం. చప్పిడి కూడు. నూనె వద్దు, చేప అసలే వద్దు... కొల్లేటి పక్కన ఉండే మనిషిని చేప తినొద్దంటే ఎంత కష్టమో మీకు తెలుసు కదా!

చాలామందికి తగ్గేది. చర్చి నుంచి వస్తుంటే ఎవరో ఒకరు ఆపి "మీ చేతి చలవండీ" అనేవారు. అమ్మ కొంగు పట్టుకుని నడిచే నాకు గొప్ప గర్వంగా ఉండేది.

ఒక ఆదివారం సూర్రావు వచ్చాడు. చేపల చెరువుల్లో మేత వేసే పని అతనిది. వెంట భార్య నాగమణి. అమ్మ మందిచ్చింది, పథ్యం చెప్పింది. పై ఆదివారానికి కళ్లు ఇంకా పచ్చబడ్డాయి. ఒళ్లంతా దురద... కూర్చున్నంతసేపూ గోక్కుంటూనే ఉన్నాడు.

అమ్మకి కోపం వచ్చింది. తన మందు పనిచేయకపోవడం అమ్మకి అలవాటు లేదు.

"చేపల పులుసు పెట్టావు కదూ నాగమణీ?"

"లేదండీ అమ్మగారూ... గంజన్నమే పెడుతున్నానండీ."

"మరి ఒళ్లెందుకు దురద పెడుతోంది? చేప తింటేనే అలా పెడుతుంది. నీ పిల్ల మీద ఒట్టేసి చెప్పు."

అరుగు మీద అందరూ చూస్తున్నారు. నాగమణి చంకలోని పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. అమ్మ అప్పటికీ నమ్మలేదు. "మందుకి అబద్ధం చెల్లదమ్మా" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నాగమణి పమిట నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది...

మరో వారం చూద్దామని అమ్మే చెప్పింది. ఆ వారం మధ్యలోనే సూర్రావుకి చలిజ్వరం వచ్చి, మాట తడబడి, ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు. ఒక రాయి జారి పైత్యరసం దిగే గొట్టంలో అడ్డం పడింది. అందుకే కామెర్లు... అందుకే ఆ దురద. వెంటనే ఆపరేషన్ చేశారు.

ఆ కబురు తెలిసి అమ్మ అన్నం ముట్టలేదు. నన్ను తీసుకుని బస్సెక్కింది. మేం వార్డులోకి వెళ్లేసరికి డాక్టరుగారు మంచం దగ్గరే ఉన్నారు.

"కళ్లు అంత పచ్చగా ఉంటే ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?" అని నాగమణిని అడుగుతున్నారు.

నాగమణి మమ్మల్ని చూసింది. చూసి, తల దించుకుంది. "పనుల్లో పడి అశ్రద్ధ చేశామండీ" అంది.

ఆ మాట విన్నప్పుడు అమ్మ మొహం ఎలా అయిపోయిందో నేను చెప్పలేను... అందరి ముందూ అబద్ధాలకోరు అనిపించుకున్న మనిషి, అమ్మ కోసం మొదటిసారి అబద్ధం ఆడింది.

"కాదండీ డాక్టరుగారూ" అంది అమ్మ. "ఆకుమందు ఇచ్చింది నేనండీ. ఆగమన్నదీ నేనేనండీ."

వార్డంతా మా వైపు తిరిగింది. నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. డాక్టరుగారు అరవలేదు. అరిచినా బాగుండేదేమో!

"నేల ఉసిరి మంచిది కాదని నేననను. కానీ కామెర్లనేవి రోగం కాదమ్మా, రోగానికి గుర్తు. కొన్ని వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు ఆకుకి వస్తుంది. రాయి అడ్డం పడితే ఏ ఆకు ఏం చేస్తుంది చెప్పండి? ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు."

తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది.

సూర్రావు బతికాడు. అతను ఇంటికొచ్చిన తర్వాతి ఆదివారం, అరుగు మీద జనం ఉండగా అమ్మ నాగమణిని పిలిపించింది. "ఈ అమ్మాయి పథ్యం తప్పలేదు. నాకు తెలియక నేనే అనరాని మాట అన్నాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నా... నన్ను క్షమించమ్మా" అని చేతులు జోడించింది.

"అయ్యో ఊరుకోండమ్మగారూ, మీరేమైనా చెడు కోరి ఇచ్చారేంటండీ" అని నాగమణి ఆ చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను మాత్రం ఇంట్లోకి పారిపోయాను. మా అమ్మ అందరి ముందూ తల వంచడం చూడలేకపోయాను...

ఆ తర్వాత ఎవరొచ్చినా "ముందు రక్తపరీక్ష చేయించుకోండి" అని పంపేసేది. అమ్మగారికి గర్వం పెరిగిందన్నారు కొందరు. నాగమణి వీధిలో ఎదురైతే మాత్రం, చివరిదాకా, ముందు తలదించుకునేది అమ్మే.

ఇప్పుడు నేను ఏలూరు పక్కన వట్లూరులో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజూ ఏదో ఒక ఆకు, ఏదో ఒక కషాయం... "కామెర్లు మాయం" అని కింద దణ్ణాలు, గుండె బొమ్మలు. ఎవరు తాగారో, ఏమయ్యారో ఎవరికీ పట్టదు. మందిచ్చిన మనిషి ఆసుపత్రికి వెళ్లి, మంచం పక్కన నిలబడి సిగ్గుపడే రోజులు పోయాయండీ...

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లిచ్చిన మందులు రోగం తగ్గించిన కథలు చాలా ఉంటాయి. తగ్గించని కథలు కూడా చెప్పండి... అవి మనం ఎవరికీ చెప్పుకోం కదా.