రెండోసారి ఏడ్చిన మేనత్త

జనగామ నుంచి బయ్యారం పోదామని బయలుదేరి, మహబూబాబాద్ దాటాక దారిలో ఆగిపోయాను. సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. నేనెక్కిన ట్రాక్టరును వంటా వార్పు వాళ్లు ఆపేశారు. తెలంగాణ కావాలంటూ నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. ఎవరొచ్చినా తిని కదలాల్సిందే. నాకేం తొందర గనక, విస్తరి ముందు కూర్చున్నాను.

పక్కన కూర్చున్న యువకుడు అన్నం కలుపుతున్నాడే గాని తినడం లేదు. కబడ్డీ ఆడే భుజాలు. పేరు అమర్‌సింగ్. బయ్యారం దగ్గర తండాలో మేనత్త రామి భర్త చనిపోతే, బస్సుల్లేక ఇప్పటికి పోతున్నాడు.

"పోవుడైతే పోతున్న బాపూ, మొఖం చెల్తలేదు" అన్నాడు.

ఎందుకన్నాను.

"యూనివర్సిటోళ్లు నౌకర్లు ఏసిన్రు. పరిశోధనకు, కంప్యూటర్లకు, ఆటలకు. నేను ఆటలకు పెట్టుకుంటే, లంబాడి మాట వస్తదని పరిశోధనల తీసుకున్నరు. తండాలు తిరిగి ముసలోళ్ల మాటలు, పాటలు రికార్డు చెయ్యాలె. గవి కంప్యూటర్ల ఎక్కిస్తరు."

"మంచి కొలువే కద తమ్మీ."

"కొలువు మంచిదే."

లంబాడీల్లో ఒక మర్యాద ఉంది. చాలాకాలానికి చుట్టం వస్తే ఆడవాళ్లు మెడ పట్టుకుని, ఈ మధ్య పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. ఆ తర్వాతే మంచినీళ్లు. భూపాలపల్లి వైపు ఒక అవ్వ నన్ను ఎవరో అనుకుని మెడ పట్టుకుంది. పొరపాటని తెలిశాక కూడా మధ్యలో ఆపలేదు. చివరిదాకా ఏడ్చే వదిలింది.

అమర్‌సింగ్ తండ్రి కూలికి మహారాష్ట్ర పోయి అక్కడే చనిపోయాడు. రామికి తమ్ముడి కడసారి చూపు దక్కలేదు. ఆ తర్వాత అమర్‌సింగ్ ఆమె గడప తొక్కింది ఈ ఉద్యోగం మీదే.

"మెడ పట్టుకోని మస్తు ఏడ్సింది. నడుమల యాదికొచ్చింది, రికార్డు మిషన్ ఏయలేదని. అత్తా, జర ఆగు, మల్ల మొదటి నుంచి ఏడువు అన్న."

"ఆగిందా?"

"కండ్లు తుడుసుకుంది. మిషన్ ఏసినంక మల్ల ఏడ్సింది. నీళ్లు రాలే. అయినంక, నీ నౌకరికి సాలుతదా కొడుకా అన్నది." విస్తరి అంచు చింపుతున్నాడు. "సార్లు విని శాన బాగుందన్నరు."

నీళ్ల గ్లాసు అతని వైపు జరిపాను.

"ఇయ్యాల మిషన్ తేలే. ఒక్కపారి నా మెడ పట్టుకుంటే సాలు. పట్టుకోకుంటే నేను చుట్టాన్ని కానట్టే గద."

సాంబారు బకెట్‌తో వచ్చిన మోతీ అనే ఆమెది రామి వాళ్ల తండానే. అతన్ని చూసి నవ్వింది.

"ఓహో, మా రికార్డు సారు. అత్త కాడికేనా?"

"ఔ వదినె. ఎట్లున్నది?"

"ఎట్లుంటది. మొన్న కోడలి తమ్ముడొస్తే మెడ పట్టుకోని గట్లనే నిలవడ్డది. మిషన్ ఏసినవా, మొదలువెట్టాల్నా అని అడిగింది. మేమంత నవ్వినం. ఆమె నవ్వలే. ఇగ ఎవలొచ్చినా గదే అడుగుతుంది. సాంబార్ పొయ్యాల్నా సారూ?"

అమర్‌సింగ్ లేచాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు. కాసేపు బయ్యారం దిక్కు చూశాడు. తర్వాత మహబూబాబాద్ వైపు తిరిగి, పొయ్యిల మధ్య నుంచి నడిచాడు. పిలిచాను. నడుస్తూనే ఉన్నాడు.